నీళ్లు వెళ్లిన మూల

అత్తగారి మోకాళ్లు మొరాయించడంతో, కోడలు స్నానాల గది గట్టు తీయించి, నేలంతా నీళ్లు పోయే జాలీ వైపు వాటం పెట్టి పలకలు వేయించింది. మేస్త్రీ రసమట్టం పెట్టి వాటం చూపించి, ఒక బకెట్ నీళ్లు కుమ్మరించాడు. నీళ్లు జాలీ దాకా వెళ్లి ఆగి, వెనక్కి మళ్లి, కిటికీ కింది మూలకు ఎక్కాయి.

మేస్త్రీ రసమట్టం మళ్లీ పెట్టి చూశాడు. "వాటం సరిగ్గానే ఉందమ్మా, మీరే చూశారుగా," అన్నాడు. మళ్లీ పోసినా అంతే.

గుమ్మంలో నిలబడ్డ అత్తగారు మాత్రం తాపీగా, "మా చిన్నప్పుడు ఈ ఇంట్లో మా చెల్లెలు అక్కడే కూర్చుని నీళ్లు పోసుకునేది. పెళ్లీడు రాకుండానే పోయింది పాపం. జాలీ ఆ మూలకే మార్చెయ్ నాయనా," అంది.

కోడలు కాదనలేకపోయింది. పలకలు పీకి జాలీ మార్చాక నీళ్లు బుద్ధిగా పోయాయి.

సిమెంటు ఆరాక, ఒక ఉదయం అత్తగారు మొదటిసారి స్నానానికి వెళ్లింది. లోపల చాలాసేపు మాటలు, మధ్యమధ్య నవ్వులు వినిపించాయి. కోడలు తలుపు తట్టి, "ఎవరితో అత్తయ్యా మాటలు?" అంది.

"వస్తున్నాం. ఇంకో తువ్వాలు పట్టుకురావే," అంది అత్తగారు.

కోడలు తెచ్చింది. తలుపు సందులోంచి తువ్వాలు అందుకున్న చిన్న చేతికి ఒక్క ముడతా లేదు.