ద్వారబంధం మీద పెన్సిల్ గీత

ఒరీసియా ఇంటికి మూడుసార్లు రంగులు వేశారు. మూడుసార్లూ వంటింట్లో సామాన్ల గది ద్వారబంధానికి మాత్రం ఆవిడ కుంచె తగలనివ్వలేదు. రంగులవాడు మంచిగా అడిగాడు, విసుక్కుని అడిగాడు, చివరికి పిచ్చిదనుకుని వదిలేశాడు. ఆ చెక్క మీద పందొమ్మిది మంది పిల్లల ఎత్తులు పెన్సిల్ గీతలుగా ఉన్నాయి. ఒక్కడూ ఆవిడ కడుపున పుట్టినవాడు కాదు. పదహారేళ్ళకీ పదిహేడేళ్ళకీ ఊరి మంచు హాకీ జట్టులో ఆడదామని ఎక్కడెక్కడి నుంచో సెప్టెంబరులో సంచీ మోసుకుని దిగేవాళ్ళు. జట్టు వాళ్ళకి ఊళ్ళో ఒక ఇల్లు చూపిస్తుంది, ఆ ఇంట్లో ఒక అమ్మని చూపిస్తుంది. పోప్లర్ క్రాసింగ్ అనే ఈ ఊళ్ళో అలాంటి అమ్మల్లో ఒరీసియా అందరికంటే పాతది. ఇప్పుడు పిల్లలు మామ్మా అంటున్నారు, అంతే తేడా.

ప్రతి నెలా మొదటి ఆదివారం, బీట్‌రూట్ సూప్ వడ్డించే ముందు, మేజోళ్ళతో ఆ చెక్కకి వీపు ఆనించి నిలబడాలి. తల మీద పాత ప్రార్థన పుస్తకం అడ్డంగా పెట్టి, దాని కింద గీత గీసి, పేరూ తేదీ రాస్తుంది. దారంతో కట్టిన పెన్సిల్ అక్కడే మేకుకి వేలాడుతుంటుంది. జట్టువాళ్ళు అచ్చేసే పుస్తకంలో ఎత్తులు ఉండవా అంటే ఉంటాయి. అందులో అందరూ రెండేసి అంగుళాలు ఎక్కువే. పొట్టి డిఫెండర్‌ని ఎవరూ కన్నెత్తి చూడరని అలా వేస్తారు. ఆ అబద్ధం ఊరందరికీ తెలుసు. నిజం కావలసినవాళ్ళు మాత్రం ఒరీసియా వంటింటికి రావాలి.

ఈ ఏడాది వచ్చినవాడు లేన్ డెర్క్‌సెన్. ఉత్తరాన పీస్ నది పక్క పొలాల పిల్లాడు. మాట తక్కువ, ఆకలి ఎక్కువ. తెల్లారి లేచి ఎవరూ చెప్పకుండా వాకిట్లో మంచు పారతో ఎత్తిపోసేవాడు. మైరన్ పోయాక ఆ చప్పుడు వినడం ఒరీసియాకి అదే మొదలు. మైరన్ ఆవిడ భర్త, జట్టు బస్సు నడిపేవాడు. దుప్పట్లోంచి ఆ పార చప్పుడు వింటూ ఆవిడ ఇంకో పావుగంట పడుకునేది. ఆ పావుగంట కోసమే పొద్దు పొడుస్తోందేమో అనిపించేది.

జనవరి పదో తారీఖు మధ్యాహ్నానికి జట్లు ఆటగాళ్ళని ఇచ్చిపుచ్చుకునే గడువు తీరిపోతుంది. ఎనిమిదో తారీఖు పొద్దున సహకార సంఘం కొట్లో, కాఫీ బల్ల దగ్గర, ఊరి ముసలాళ్ళు అదే నములుతున్నారు. ఈ ఏడు మనవాళ్ళు పట్టికలో అందరికంటే పైన ఉన్నారు. గ్లెన్‌మూర్ జట్టు అడుగున ఉంది. వాళ్ళ దగ్గర ఇరవై ఏళ్ళ భారీ డిఫెండర్ ఒకడున్నాడు. వాణ్ణి ఇస్తాం, బదులుగా మీ లేత డిఫెండర్లు ఇద్దరిలో ఒకణ్ణి, లేన్‌నో బ్రోడీనో, ఇవ్వండి అంటున్నారు.

"ఇచ్చెయ్యండిరా బాబూ," అన్నాడు ఓర్విల్. "కప్పు చూసి ముప్ఫై ఏళ్ళయింది. కళ్ళు పనిచేస్తుండగా ఇంకోసారి చూడనివ్వండి."

"విత్తనాల గోతాం విప్పి వండుకు తింటే వసంతంలో ఏం చల్లుతావురా, నీ బొందా?" అన్నాడు మెథోడీ.

"నాకు ఎనభై రెండు. నేను చల్లేదేం లేదు. వండి పెట్టు, తింటాను."

బల్లంతా నవ్వింది. ఓర్విల్ పక్కనే కూర్చున్న ఒరీసియా వైపు తిరిగాడు. "నువ్వేమంటావు ఒరీసియా? గోతాం నీ ఇంట్లోనే ఉందిగా?"

"నా ఇంట్లో ఉన్నది పిల్లాడు. మీ ఇద్దరి నోళ్ళకీ కుట్లు వేస్తే గోతాం సంగతి నేను చూసుకుంటా," అని ఆవిడ పిండి పొట్లం చంకన పెట్టుకుని లేచింది.

పైకి అలా అన్నదే గానీ దారి పొడవునా ఆ గోతాం మాటే మనసులో తిరిగింది. వేడ్ ఎలా ఆలోచిస్తాడో ఆవిడకి తెలుసు. వేడ్ టిలట్‌సన్ జట్టు మేనేజరు. ఇద్దరిలో ఎవడు ఇంకా ఎదుగుతాడో వాణ్ణి ఉంచుకుని, ఎదుగుదల ఆగినవాణ్ణి ఇచ్చేస్తాడు. ద్వారబంధం చూడ్డానికి రేపో ఎల్లుండో వస్తాడు. రానీ, చూడనీ అనుకుంది. లేన్ సెప్టెంబరులో ఐదడుగుల తొమ్మిదిన్నర అంగుళాలు. మొన్న ఆదివారం గీసిన గీత ఐదడుగుల పదకొండు. నాలుగు నెలల్లో అంగుళంన్నర! అబద్ధం ఆడక్కర్లేదు, గీతే చెబుతుంది. పిల్లాడు ఉండిపోతాడు, పార చప్పుడూ ఉండిపోతుంది.

ఇంటికొచ్చేసరికి లేన్ సూటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆటకి ఎంచుకోనివాళ్ళు ఆ రోజు సూటు వేసుకుని పైన ప్రేక్షకుల మెట్ల మీద కూర్చోవాలి, అది జట్టు కట్టుబాటు. ఆరుగురు పెద్ద డిఫెండర్లు ముందున్నారు, వీడు ఏడోవాడు. ముప్ఫై తొమ్మిది ఆటలైతే వీడు మంచు మీద దిగింది పదకొండు ఆటల్లోనే.

"చేతులు పొట్టయిపోయాయి మామ్మా."

"ఇటు తే. లోపల మడత ఉంది, విప్పుతాను. మడత అయిపోతే కొత్తది కొందాం. నువ్వు ఎదగడం మాత్రం మానకు."

కళ్ళజోడు పెట్టుకుని కుట్టు విప్పుతూ ఉంటే మోచేతుల దగ్గర బట్ట వేలికి పలచగా తగిలింది. దీపానికి ఎత్తి చూస్తే వెలుతురు అవతలికి కనిపిస్తోంది.

"ఇదేమిట్రా, ఇలా అరిగిపోయింది?"

"ముందు వరస కడ్డీ మీద మోచేతులు ఆనించి చూస్తా కదా." పిల్లాడు నవ్వబోయాడు. "స్కేట్లకి పదును పెట్టేవాడు అడిగాడు మామ్మా, నీవి ఎప్పుడు తెచ్చినా కొత్తవిలా ఉంటాయేంటీ అని."

ఆవిడ సూది ఆగిపోయింది. "నీకేం కావాల్రా నాన్నా?"

"ఆడాలి," అన్నాడు. అంతే. వెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ బంగాళదుంప కూరిన పెరోగీ కుడుములు వేయిస్తుంటే వేడ్ వెనక తలుపు తోసుకుని వచ్చాడు. ఆ ఇంటికి ముందు తలుపు నుంచి వచ్చేది పరాయివాళ్ళే. వేడ్ పదహారేళ్ళప్పటి నుంచి ఇదే ఇంట్లో మూడేళ్ళున్నాడు, ఒరీసియా పెంచిన మొట్టమొదటి పిల్లాడు. ఇప్పుడు నలభై దాటాయి, జుట్టు వెనక్కి పోతోంది, ఇంకా అమ్మా అనే అంటాడు.

"పెరోగీల వాసన వీధి చివరికి వస్తోందమ్మా."

"ముక్కు పట్టుకుని లాక్కొచ్చిందా, పని మీదే వచ్చావా?"

"రెండూను." బూట్లు విప్పి, మేజోళ్ళతో సామాన్ల గది ముందుకి వెళ్ళాడు. కళ్ళు చిట్లించి లేన్ గీతల్ని కింద నుంచి పైకి వేలితో లెక్కపెట్టుకుంటూ వెళ్ళాడు. చివరి గీత దగ్గర ఈల వేశాడు. "అంగుళంన్నర! బ్రోడీ చూస్తే పావంగుళం కూడా కదల్లేదు. ఇంకేం, తేలిపోయింది. వీణ్ణి ఉంచుతా, బ్రోడీని పంపుతా. ఈ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పేస్తాను."

ఆవిడ కోరుకున్న మాటే అది. నిన్నటి నుంచీ దాని కోసం ఎదురుచూస్తోంది. తీరా చెవిన పడ్డాక గరిటె చేతిలోనే ఉండిపోయింది. కుర్చీ వీపుకి వేలాడుతున్న సూటు మీదికి కళ్ళు పోయాయి.

"ఉంచుకుని ఏం చేస్తావురా?"

"అదేమిటమ్మా? పెంచుతాం."

"మెట్ల మీద కూర్చోబెట్టా? గుడ్డు పొదగడమా అది?"

"ఈ ఏడాది ఆరుగురూ కుదిరారు. ఇప్పుడు కదిలిస్తే కప్పు పోతుంది. వచ్చే ఏడాది ఇద్దరు వెళ్ళిపోతారు, అప్పుడు వీడికి చోటు దొరుకుతుంది. ఏడాదే కదా."

ఆవిడ పొయ్యి తగ్గించి వచ్చి, ద్వారబంధం పక్కన నిలబడింది. చెక్క అంచున, అన్నిటికంటే పాత గీతల దగ్గర వేలు పెట్టింది.

"ఇది చూడు. నీది. జనవరి తొమ్మిది."

వేడ్ దగ్గరికి జరిగాడు.

"అప్పుడూ నిన్ను అడిగారు, ఆ దక్షిణాది జట్టువాళ్ళు. అప్పటి మేనేజరు చూడ్డానికి వస్తున్నాడని మైరన్ చెప్పాడు. నువ్వు ఎదగడం ఆగిపోయిందిరా వేడ్. అక్టోబరు నుంచి గీత ఒకటే. ఇల్లు ఖాళీ అయిపోతుందని నాకు భయమేసింది. ఆ పొద్దున నిన్ను నిలబెట్టి, పుస్తకం అంగుళం పైకెత్తి గీశాను." ఆవిడ కళ్ళజోడు తీసింది. "నా మూలంగా నువ్వు మూడేళ్ళు బెంచీ చివర కూర్చున్నావు. ఇన్నేళ్ళూ చెప్పలేకపోయాను."

వేడ్ ఆ గీత మీద బొటనవేలు పెట్టి చూశాడు. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకుంది. నవ్వుతున్నాడు.

"ఆ పుస్తకం కింద నిలబడ్డది నేనే కదమ్మా. జుట్టుకీ అట్టకీ మధ్య గాలి ఆడుతుంటే తెలీదా? నాకూ వెళ్ళాలని లేదు. అందుకే నేనూ మునివేళ్ళ మీద లేచాను."

"ఓరి దొంగవెధవా!"

"ఇద్దరం దొంగలమే." నవ్వు మెల్లగా ఆగింది. "నీ తప్పేం లేదమ్మా. ఇక్కడ బాగానే ఉన్నాను. కానీ మన బస్సు ఇప్పటికీ ఆ జట్టువాళ్ళ ఊరి మీదుగా పోతుంది కదా. అక్కడ వాళ్ళాడే రింక్ పైకప్పు కనిపించే మలుపు ఒకటుంది. ఆ మలుపు రాగానే నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకుంటాను. అక్కడ ఆడి ఉంటే ఏమయ్యేదో అని. ఏమీ అయ్యేది కాదేమో. ఆ సంగతి కూడా తెలీకుండా పోయింది."

ఆవిడ వెళ్ళి సూటు తెచ్చి వాడి చేతికిచ్చింది. వేడ్ మోచేతుల దగ్గర తడిమి చూశాడు.

"నీకేం కావాలమ్మా?" అన్నాడు.

"నన్నడక్కు. నన్నడిగితే పుస్తకం మళ్ళీ పైకి లేస్తుంది. ఆ పిల్లాణ్ణి అడుగు."

పదో తారీఖు పదకొండింటికి లేన్‌ని ఆఫీసుకి పిలిచి, ఉంటావా వెళ్తావా అని అడిగారు. రెండింటికల్లా సంచీ సర్దేసుకున్నాడు. గ్లెన్‌మూర్ ఐదు గంటల దారి, సాయంత్రమే సాధన ఉంది. కళ్ళు ఎర్రగానే ఉన్నాయి గానీ, మెట్లు రెండేసి చొప్పున దిగుతున్నాడు. ఆ దిగడం చూసి ఒరీసియా మొహం తిప్పుకుంది. ఐస్‌క్రీమ్ అయిపోయిన నాలుగు లీటర్ల తెల్ల బకెట్ నిండా గడ్డకట్టించిన పెరోగీలు పెట్టి చేతికిచ్చింది.

"బకెట్ మాత్రం తిరిగివ్వాలి. నా దగ్గర ఇది ఒక్కటే ఉంది." సామాన్ల గదిలో అలాంటివి పద్నాలుగు ఉన్నాయి.

"ఇస్తాను మామ్మా."

ఆ రాత్రి మంచు పడింది. పొద్దున పడుకునే చెవులు రిక్కించింది. ఏ చప్పుడూ లేదు. కాసేపయ్యాక లేచి, బూట్లు వేసుకుని, పార తనే పట్టుకుంది.

గ్లెన్‌మూర్ రేడియో ఊళ్ళోకి వినపడదు. రైలు వంతెన ఎత్తు మీద బండి ఆపితే, గాలి వాటంగా ఉంటే, గరగరల మధ్య నుంచి వినపడుతుంది. ఆదివారం మధ్యాహ్నం ఆటలప్పుడు అక్కడికెళ్ళి కూర్చునేది. డెర్క్‌సెన్ పక్ బిళ్ళ తీసుకున్నాడు, డెర్క్‌సెన్ పోగొట్టుకున్నాడు, మళ్ళీ డెర్క్‌సెన్. వాళ్ళు ఓడిపోతూనే ఉన్నారు. ఓడితే ఏం, ఆ పేరు మాత్రం ఆగడం లేదు. ఒకరోజు వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయింది, రెండు చేతులూ చాల్లేదు.

మార్చిలో గ్లెన్‌మూర్ ఇక్కడికి ఆడ్డానికి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం ఆట. వాళ్ళు ఒకటికి నాలుగు గోల్స్‌తో చిత్తుగా ఓడారు. లేన్ రెండుసార్లు గోడకేసి కొట్టుకుని పడ్డాడు, రెండుసార్లూ లేచాడు, ఆట సగం వాడే ఆడాడు. కొత్తగా వచ్చిన మన భారీ డిఫెండర్ ఒక గోల్ కొట్టాడు. "చూశావా!" అని ఓర్విల్ మెథోడీ వీపు మీద ఒక్కటిచ్చాడు. ఒరీసియా ఆ రోజు ఎవరి పక్షమో తనకే తెలియలేదు.

ఆట అయ్యాక అవతలి జట్టు బస్సు దగ్గర నిలబడింది. లేన్ తడి జుట్టుతో, తెల్ల బకెట్ పట్టుకుని పరుగున వచ్చాడు. డ్రైవరు అప్పుడే హారన్ కొడుతున్నాడు.

"తెచ్చాను మామ్మా! ఖాళీగా ఇవ్వకూడదని మా మార్జ్ అత్త రొట్టె పెట్టింది."

మా మార్జ్ అత్త. గ్లెన్‌మూర్‌లో వాడికి చూపించిన అమ్మ. సరే. పిల్లాడు వంగి కావలించుకున్నాడు. జనవరిలో వాడి గడ్డం ఆవిడ పాపిట మీద ఆనేది. ఇప్పుడు ఆవిడ నుదురు వాడి మెడ కింది గుండీకి తగిలింది.

"చేతులు మళ్ళీ పొట్టయ్యాయిరా."

"కొత్త సూటే మామ్మా ఇది. వేసుకునే అవసరమే పెద్దగా పడట్లేదు."

బస్సు వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి రొట్టె కోసి నోట్లో పెట్టుకుంది. మంచి రొట్టే. ఉప్పు ఒక రవ్వ తక్కువ. ఎదిగే పిల్లాడికి ఉప్పు చాలుతోందా అనుకుంది. అనుకుని తనని తనే తిట్టుకుంది.

సామాన్ల గది ముందుకి వెళ్ళి మేకు మీంచి పెన్సిల్ తీసింది. నుదురు చెక్కకి ఆనించి, గుండీ ఎక్కడ తగిలిందో గుర్తు చేసుకుంది. అక్కడి నుంచి మెడ, గడ్డం, తల. జనవరి గీతకి వేలెడు పైన వస్తుంది. రెండు వేళ్ళూ రావచ్చు. పెన్సిల్ మొన చెక్కకి తగిలింది.

గీయలేదు. నిజం కాని గీత ఆ చెక్క మీద ఒకటి, వేడ్‌ది, ఉంది, అది చాలు. పెన్సిల్‌ని దారంతో సహా మేకుకి తగిలించి, బకెట్ కడిగి, మిగతా వాటి పైన బోర్లించింది. జనవరి గీత పైన చెక్క ఖాళీగా, నున్నగా ఉంది. అరచేత్తో ఒకసారి రాసింది. తర్వాత వెళ్ళి రొట్టె ఇంకో ముక్క కోసుకుంది.

ఉప్పు తక్కువే.