పచ్చి మనిషి మాట

చలికాలంలో మా లోయలో వాన పడని రోజు ఉండదు కాబట్టి నోల్ఫా వానని పట్టించుకోదు. పొద్దున్నే పొయ్యి రాజేసి, ఇంత మాతే ఆకు కషాయం తాగి, రౌలీ చెట్టు మొద్దుని గిన్నెలు తిప్పే లేత్‌కి బిగిస్తుంది. నిన్ననే నరికిన కర్రలో నీళ్ళెక్కువ. ఉలి తగలగానే చిమ్ముతాయి, ముఖమంతా తడుస్తుంది. గిన్నెని మొదటిసారి బొటనవేలంత మందంగా తిప్పి వదిలేయాలి. ఉలికి రాలిన పొట్టులోనే దాన్ని పూడ్చి, చల్లటి పాకలో పెట్టెలో పెట్టి, శనివారం శనివారం సునిల్డా కొట్లో బంగాళాదుంపల కాటా మీద తూచి చూసుకోవాలి. నీరు పోయేకొద్దీ బరువు తగ్గుతుంది. వరసగా రెండు వారాలు ముల్లు ఒక్కచోటే ఆగితే ఆరినట్టు. అప్పుడు మళ్ళీ లేత్‌కెక్కించి నున్నగా తిప్పుకోవచ్చు. తొందరపడి పొయ్యి పక్కన పెట్టారా, పగుల్తుంది. ఇది మా ఊళ్ళో పిల్లలక్కూడా తెలుసు.

అడవిలో చెట్టు మీదపడి భర్త బెలార్మినో పోయిన రోజు నుంచి నోల్ఫా కూడా కారడం మొదలుపెట్టింది. మోచేతుల నుంచి, వేళ్ళ చివర్ల నుంచి, చెవి తమ్మెల నుంచి బొట్లు బొట్లుగా. తేట నీరే, కొంచెం కర్ర వాసన. అయినవాళ్ళు పోయినప్పుడు ఎవరికైనా అయ్యేదే. కొట్టు సునిల్డా వచ్చి ఆమెని చెయ్యి పట్టుకుని పాకలోకి తీసుకెళ్ళి, గిన్నెల పెట్టెల మధ్య మెత్తగా పొట్టు పరిచి కూర్చోబెట్టింది. పచ్చి బాలింతని ఎలా చూసుకుంటారో అలాగే చూసుకున్నారు ఆడవాళ్ళు. వంతులవారీగా వేయించిన పిండి కలిపి తెచ్చి నోటికందించారు. శనివారాలు గిన్నెలతో పాటు బండిలో తీసుకెళ్ళి ఆమెనీ తూచారు.

పచ్చిగా ఉన్న మనిషిని ఎవరూ ఏమీ అడగకూడదు. టీ కావాలా, మాతే కావాలా అని కూడా అడగరు, ఏదో ఒకటి చేతిలో పెట్టేస్తారు. పచ్చిలో అన్న మాట చెల్లదు. ఔనన్నా అంతే, కాదన్నా అంతే.

ఇంత తెలిసీ బెలార్మినో తమ్ముడు ఓసియెల్ చేసిన పని తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ లేత్ నోల్ఫా, బెలార్మినో కలిసి ఏళ్ళ తరబడి గిన్నెలమ్మి కొనుక్కున్నది. ఆమె బతుకంతా దానిమీదే. దానికి విల్యారికా పట్నంలో బేరం కుదుర్చుకున్నాడు ఈ మహానుభావుడు. వదినని తెముకో నగరంలో ఎవరింట్లోనో అంట్లు తోమడానికి కుదిర్చాడు. సొంతంగా గిన్నెలు చేసుకునే మనిషిని పరాయివాళ్ళ ఎంగిలి గిన్నెలు కడగడానికన్నమాట. అన్న కోసం పెట్టిన తొమ్మిది రోజుల ప్రార్థన కూడా అప్పటికింకా పూర్తి కాలేదు.

ఒక మధ్యాహ్నం పాకలోకి ఇనప పొయ్యి మోసుకొచ్చి, కట్టెలు కుక్కి అంటించాడు.

"చలికి వణికిపోతున్నావు వదినా. నీకోసమే."

పొయ్యి ఎర్రబడింది. ఆమె చర్మం మీద తడి ఆరిపోయింది. లోపలి నీరు ఎక్కడికి పోతుంది, లోపలే ఉండిపోయింది. పెట్టెల్లో గిన్నెలు ఒక్కొక్కటే టప్ టప్ మని పగలడం మొదలైంది.

"లేత్ నేను తీసుకెళ్తా వదినా. ఆడమనిషివి, ఒక్కదానివి, ఏం చేసుకుంటావు? సరేనా?"

గిన్నె ఇంకోటి పగిలింది. నోల్ఫా మణికట్టు దగ్గర మొదలై మోచేతి దాకా సన్నటి బీట పడింది.

"సరే అను వదినా. మళ్ళీ చల్లటి చోటికి తీసుకెళ్తాను."

"సరే," అంది నోల్ఫా.

పొయ్యి మంట పెట్టి వదినగారి నోట్లోంచి మాట పిండుకున్నాడు. దీన్ని పచ్చి మోసం అనక ఇంకేమంటారో నాకు తెలీదు. పాపం బెలార్మినో ఆఖరిగా తిప్పిన గిన్నె ఒక్కటి మాత్రం పగల్లేదు. నోల్ఫా వీపు ఆనించుకుని కూర్చున్న పెట్టెలో ఉందది. అంతకుముందు ఆమె నుంచి కారిన నీటికి ఆ పొట్టు తడితడిగానే ఉంది.

శనివారం లేత్‌ని ఎడ్లబండి మీదకెక్కించాడు ఓసియెల్. విల్యారికా దారి సునిల్డా కొట్టు ముందునుంచే పోతుంది. తూకాల రోజు కాబట్టి సగం ఊరు అక్కడే ఉంది. కాటా పక్కన బల్లమీద నోల్ఫా కూర్చుని ఉంది, చేతికి గుడ్డ కట్టుకుని.

సునిల్డా దారికడ్డంగా నిలబడింది. "ఆ బండిలో ఏంటయ్యా?"

"లేత్. వదిన ఇస్తానంది."

"పచ్చిమనిషి ఇస్తాననడమేంటి?"

"ఇంకెక్కడి పచ్చి? తాకి చూసుకో. ఎండిపోయింది. నేనే ఆరబెట్టాను."

"అలాగా," అంది సునిల్డా. నోల్ఫాని లేపి కాటా ఎక్కించింది. ముల్లు పోయినవారం కన్నా బాగా కిందికొచ్చి ఆగింది. "చూశావా? ఇంకా దిగుతూనే ఉంది. లోపలంతా పచ్చే."

ఓసియెల్ నవ్వాడు. "నీ కాటాకి తుప్పు పట్టింది దొడ్డా. వానలు కదా, ఎవరెక్కినా తక్కువే చూపిస్తుంది. నేనెక్కి చూపిస్తా, ఉండు."

చలికాలం మొదట్లో వచ్చే సాన్ హువాన్ పండుగనాడు విందు తిన్నాక ఊరంతా ఆ కాటా ఎక్కి, ఎవరెంత బలిశారో చూసుకుని నవ్వుకోవడం మాకు అలవాటు. ఎవరి ముల్లు ఎక్కడాగిందో సునిల్డా గోడమీద సుద్దతో గీస్తుంది. ఆ గీతలు ఇంకా చెరగలేదు. అప్పటికి బెలార్మినో బతికే ఉన్నాడు, తమ్ముడి పొట్ట మీద చెయ్యేసి ఎగతాళి కూడా చేశాడు.

ఓసియెల్ ఒంటి మీంచి నీళ్ళోడుతున్న ఉన్ని మాంటా దుప్పటి తీసి పక్కన పడేసి దర్జాగా కాటా ఎక్కాడు. ముల్లు ఊగి ఊగి ఆగింది. సరిగ్గా వాడి సాన్ హువాన్ గీత దగ్గరే. ఇటు వెంట్రుకవాసి లేదు, అటు లేదు.

కాటా బాగానే ఉందని అందరికీ తెలిసింది. ఇంకోటి కూడా తెలిసింది.

మూల కూర్చున్న ముసలి లింకోపాన్ మెల్లిగా అడిగాడు. "పోయింది నీ సొంత అన్నే కదరా?"

ఓసియెల్ కాటా దిగి మాంటా కోసం వంగాడు.

"మేం ఇన్నాళ్ళూ నువ్వూ కారుతున్నావనుకున్నాం," అంది సునిల్డా. "అది మాంటాలోంచి కారే వాననీళ్ళన్నమాట."

ఒకే కడుపున పుట్టినవాడు. ఒక్క బొట్టు కారలేదు. అలాంటివాడు, కారి కారి సగమైపోయిన మనిషి దగ్గర లాక్కోడానికి వచ్చాడు. ఆ రోజు ఎవరూ వాడి మీద చెయ్యి చేసుకోలేదు గానీ, చేసుకుని ఉంటే నేను ఆపేవాణ్ణి కాదు. నలుగురు మగవాళ్ళు లేచి ఎడ్లని వెనక్కి తిప్పారు. లేత్‌ని దాని చోట దింపి బిగించి, పాకలోంచి ఇనప పొయ్యిని బయటపడేసి వచ్చారు.

నోల్ఫా ఆరడానికి వసంతం దాకా పట్టింది. ఆరేటప్పుడు పచ్చి కర్రకి లాగే ఆమెకీ కొంచెం వంకరొచ్చింది. ఎడమ భుజం దిగింది. చేతి మీద బీట అలాగే ఉండిపోయింది. ముల్లు రెండో శనివారం కూడా ఒక్కచోటే ఆగినప్పుడు సునిల్డా వేలు మడిచి ఆమె భుజం మీద కొట్టి చూసింది. ఆరిన గిన్నెలా ఖంగుమంది.

అప్పుడు అడిగింది సునిల్డా, ఆ చలికాలమంతా ఎవరూ అడగని మాట. "ఏం తాగుతావే? టీనా, మాతేనా?"

నోల్ఫా కాటా దిగింది. "తర్వాత తాగుతాను. ముందు ఓసియెల్‌ని పిలిపించు. వాడు నన్నొకటి అడిగాడు."

వాడు రానన్నాడు. లింకోపాన్ కొడుకులు వెళ్ళి తీసుకొచ్చారు. గుమ్మంలో నిలబడి చూపులు నేలకేశాడు.

"అడుగు," అంది నోల్ఫా.

"ఇప్పుడెందుకులే వదినా, అయిపోయిందిగా."

"పచ్చిదాన్ని అడిగావు. ఇప్పుడు ఆరాను. అప్పుడడిగిందే మళ్ళీ అడుగు, అందరూ వింటారు."

వాడు తలెత్తకుండానే అడిగాడు. "లేత్... నేను తీసుకెళ్తా. సరేనా?"

"ఇవ్వను," అంది నోల్ఫా.

తర్వాత బెలార్మినో ఆఖరి గిన్నెని చంకన పెట్టుకుని, రెండోసారి తిప్పడానికి ఇంటికి వెళ్ళిపోయింది.