పలుకు పోయి పలక

మా తోడికోడలు, నేను అక్కా అని పిలిచే మనిషి, బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పేది. మా బావగారు అక్కడే మెకానిక్కు. బస్సు కింద వెల్లకిలా పడుకుని నట్లు బిగిస్తూ, ఆ గొంతు విని మనసు పారేసుకున్నారు. ముఖం చూసింది తర్వాత. "బస్సు కిందనుంచే పెళ్ళి కుదుర్చుకున్న మహానుభావుడు" అని అక్క ఎకసెక్కమాడేది.

అక్క గొంతులో రాచపుండు ముదిరింది, స్వరపేటిక తీసెయ్యాలన్నారు డాక్టరు. అక్క ప్రాణానికి భయపడలేదు.

"ఈయన కట్టుకున్నది గొంతునే చెల్లీ. అది పోతే నేనెవర్ని?"

"భలేదానివి! దేవుడు ముడి వేసింది గొంతుకా, మనిషికా?" అన్నాను.

ఆపరేషనుకు ముందు బావగారి ఫోనులో ఆమె గొంతు రికార్డు చేసి ఉంచాం. ఏం చెప్పాలో తోచక రోజూ పిలిచే పిలుపే పిలిచింది. "ఏమండోయ్, ఎక్కడున్నారూ?"

ఇంటికొచ్చాక ఒక పలక కొనిచ్చాను. "పలుకు పోయి పలకొచ్చింది" అని రాసి తనే నవ్వించింది. పిలవాలంటే పళ్ళెం మీద గరిటెతో కొట్టేది. బావగారు వచ్చేవారు. కానీ మునుపటిలా "ఆఁ, ఇక్కడే" అని పలికేవారు కాదు. మౌనంగా వచ్చి నిలబడేవారు.

ఒక మధ్యాహ్నం పెరట్లోంచి అక్క గొంతు వినబడింది. "ఏమండోయ్, ఎక్కడున్నారూ?"

"ఆఁ, ఇక్కడే" అన్నారు బావగారు, ఫోనుతో.

అక్క పలక మీద ఒక్కమాట రాసింది: సవతి. నేను నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాను. ఆమె పెరటి గడపలో నిలబడేసరికి బావగారు ఉలిక్కిపడ్డారు.

"అదికాదే. గరిటె మోగితే నోరు పెగలట్లేదు. ఏడుపొస్తుంది. నువ్వు బెంగపడతావని మింగేస్తున్నా. అందుకే దీనికి పలికి పలికి అలవాటు చేసుకుంటున్నా."

అక్క ఫోను తీసుకుని ఆయన జేబులోనే పెట్టింది. వంటింట్లోకొచ్చి గరిటెతో పళ్ళెం కొట్టింది. పెరట్లో ఉలుకూ పలుకూ లేదు. నేను లోలోపల దేవుణ్ణి తలుచుకున్నాను.

"ఆఁ... ఇక్కడే."

బొంగురుగా, సగంలో విరిగి వచ్చింది ఆ మాట. అక్క కళ్ళు మూసుకుని వింది. తనకూ ఆయన గొంతు వినాలనిపించేదని మాకెవరికీ తోచనే లేదు.

పనేమీ లేకపోయినా మళ్ళీ కొట్టింది.