బుల్లి దొంగలు

ఆ వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలిచేవారు. ఆమెకు సొంత పిల్లలు లేరు. పొద్దున్నే పనులకు వెళ్తూ తల్లులు దించిపోయే పిల్లలే ఆమె లోకం. కింది వాటాలో రెండు గదులు, ఒక వరండా. వంట ఆమె చెల్లెలిది, అల్లరి పిల్లలది, అజమాయిషీ పెద్దమ్మది. గుమ్మం మీద తనే రంగులు కలిపి రాసుకున్న బోర్డు: ‘బుల్లి దొంగలు’.

పై వాటాలోకి కొత్తగా దిగిన నర్సుది వేరే భాష. ఆసుపత్రిలో పనిచేస్తూ తెలుగు మాట్లాడటం నేర్చుకుంది గాని చదవడం రాదు. పిల్లల కేకలు విని ఆ బోర్డుకు ఫోన్ చూపించింది. ఫోన్ తన భాషలోకి మార్చి చెప్పింది: ‘బాల నేరస్థులు’. మూడేళ్ల కొడుకును చంకనేసుకుని గబగబా లోపలికి వచ్చింది.

“ఇక్కడ ఎలాంటి పిల్లల్ని ఉంచుతారు?”

ఒకడి చెవి వెనక సబ్బు నురగ తుడుస్తున్న పెద్దమ్మకు సంగతి అర్థమయ్యేసరికి నవ్వాగలేదు.

“అయ్యో, దొంగ అంటే మాకు ముద్దమ్మా! దొంగనిద్ర, దొంగనవ్వు, దొంగేడుపు... ఇవేవీ లేకపోతే వాళ్లు పిల్లలెలా అవుతారు చెప్పండి?”

నర్సు నవ్వలేదు.

“మా నాన్న గోడౌన్‌లో కాపలా ఉండేవాడు. సరుకు పోయిందని ఆయన్ని పట్టుకెళ్లారు. ఆయన తప్పేం లేదని తర్వాత తేలింది. కానీ మా తలుపు మీద ఎవరో ఆ మాట రాసిపోయారు. ఎంత గీకినా పోలేదు. నేను రోజూ ఆ తలుపు తీసుకునే బడికి వెళ్లేదాన్ని. మా భాషలో ఆ మాటకు ముద్దు లేదండీ.”

పెద్దమ్మ మొహంలో నవ్వు మాయమైంది. చెల్లెలు వంటింట్లోంచి తొంగిచూసి, “పోనీ, బోర్డు తీసేద్దామా అక్కా?” అంది.

“తియ్యను. నా మాటలో విషం లేదు,” అంది పెద్దమ్మ. నర్సు వైపు తిరిగి, “కానీ మీవాణ్ని మాత్రం ఈ గడపలో ఎవ్వరూ ఆ మాట అనరు. పూచీ నాది,” అంది.

నర్సు అప్పటికి వెళ్లిపోయింది. పగటి డ్యూటీలు పడ్డాక మాత్రం కొడుకును తీసుకొచ్చి అక్కడే దించింది. పెద్దమ్మ మాట తప్పలేదు. వాణ్ని ‘బంగారం’ అనేది.

ఒక సాయంత్రం డ్యూటీ నుంచి ఆకలితో నకనకలాడుతూ వచ్చిన నర్సుకు చెల్లెలు గిన్నెడు సూప్ పోసిచ్చింది. నర్సు రెండు చెంచాలు తాగి, కళ్లు మూసుకుని, “మీరు హంతకురాలు!” అంది.

చెల్లెలి చేతిలోంచి గరిటె జారిపడింది. “ఓలమ్మో, నేనేం చేశాను? ఉప్పెక్కువైందా?”

“రుచితో చంపేశారని! మా వైపు వంట చేసేవాళ్లకి అంతకంటే మెప్పు లేదండీ. మా ఊళ్లో పెద్ద హోటల్ పేరే ‘హంతకుడు’. జనం ఎగబడతారు!”

“మీ మెప్పు మీ దగ్గరే ఉంచండి తల్లీ! మా ఆయన విన్నాడంటే రేపట్నుంచి నా చేతి ముద్ద ముట్టడు.”

నర్సు పకపకా నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వడం అదే మొదలు.

అంతలో వరండాలో కేకలు వినిపించాయి. దాగుడుమూతల్లో పెద్దమ్మ ఒక్కొక్కణ్నీ పట్టుకుంటూ, “దొరికావురా దొంగా!” అంటోంది. నర్సు కొడుకు దగ్గరికొచ్చేసరికి, “దొరికావు బంగారం,” అంది. వాడు నేలమీద చతికిలబడి, “నేను దొంగని కాదా?” అని రాగం ఎత్తుకున్నాడు.

పెద్దమ్మ వాణ్ని ఎత్తుకోలేదు. తల్లి వైపు చూసింది.

నర్సు గిన్నె పక్కన పెట్టింది.

“నా నోటితో నేననలేను పెద్దమ్మా. మీరు అనండి.”

“వాడు ఏడుస్తున్నాడని ఒప్పుకోవడం కాదు కదా?”

“కాదు. మీ నోట అది వేరే మాట.”

పెద్దమ్మ నడుం వంచి, అరచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుంది. “ఒరేయ్ గజదొంగా! ఎక్కడ్రా నువ్వు?”

ఎదురుగానే ఉన్నవాడు కిలకిలా నవ్వుతూ గుమ్మం తెర వెనక్కి పరిగెత్తాడు. పాదాలు రెండూ బయటికే కనిపిస్తున్నాయి.

“ఇక్కడ ఎవరూ లేరండీ,” అంది నర్సు గట్టిగా, తెరకు అడ్డంగా నిలబడి.