రెండు వేళ్ల పని

“మరొక్క చెంచా పెట్టండి,” అన్నాడు పరిశీలకుడు.

పిల్ల అప్పటికే కళ్లనీళ్లు పెట్టుకుని దగ్గుతోంది. మెదిపిన బంగాళాదుంప సగం ముక్కులోంచి బయటికొచ్చింది. నాలుగేళ్లది. మాటలు రావు, గట్టి చప్పుడు పడదు. బడిలో అందరూ పిచ్చుక అంటారు. ఆయాలకు నిధులిచ్చే ఆఫీసు నుంచి వచ్చిన ఆయన పిల్లల కుర్చీలో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. ఒళ్లో ఫారం ఉంది. ‘మింగలేదు’ అన్న గడిలో టిక్కు పడాలంటే మూడుసార్లు కళ్లారా చూడాలట. రెండయ్యాయి.

ఆయమ్మ చేతిలో చెంచా ఆగిపోయింది. ఆ గదిలో ఆమె తొమ్మిదేళ్లుగా ఆయా. పిచ్చుక చేత మింగించడం ఆమెకొక్కదానికే తెలిసిన పని. ముద్ద పెట్టాలి, నాలుగు అంకెలు లెక్కపెట్టాలి, తర్వాత రెండు వేళ్లు గడ్డం కింద పెట్టి గొంతు మీదుగా మెల్లగా కిందికి జార్చాలి. అప్పుడు ఆ గొంతుకు తన పని గుర్తొస్తుంది. ఈరోజు ఆ రెండు వేళ్లూ ఏప్రన్ జేబులో దాక్కున్నాయి.

దాచమన్నది పెద్ద టీచరమ్మ. తప్పు మాత్రం అంతకు ముందే జరిగింది. మూడు నెలల కిందట ఇదే పరిశీలకుడు వచ్చినప్పుడు ఆయమ్మ ఒళ్లు మరిచిపోయింది. ఏడాది పాటు నేర్పిన పని చూపించాలన్న ఆత్రం. పిచ్చుక తనంతట తాను చెంచా ఎత్తి మూడు ముద్దలు తింది. ఆయమ్మ వేళ్లు ఎంత నేర్పుగా కదిలాయంటే ఆయనకసలు కనిపించనే లేదు. అందరూ మురిసిపోయారు. ‘స్వయంగా తింటుంది, ప్రత్యేకంగా ఆయా అవసరం లేదు’ అని రాసుకుని వెళ్లిపోయాడు. పిచ్చుక పేరు మీద ఆయమ్మ జీతానికి వచ్చే నిధులు ఆగిపోయాయి. ఈ నెలాఖరుకు ఆయమ్మ పని పోతుంది. ఆ గదిలో పదకొండు మంది పిల్లలకు ఒక్క టీచరు మిగులుతుంది.

“మళ్లీ చూడమని బతిమాలి రప్పించాను,” అంది పొద్దున పెద్ద టీచరమ్మ, ముఖం కిటికీ వైపు తిప్పుకుని. “ఈ ఒక్కపూట నీ వేళ్లు పెట్టకు. కాస్త పొలమారితే చాలు.”

ఆయమ్మ ఒప్పుకుంది. అంతకన్నా హీనమైన సంగతి ఇంకొకటుంది. మొదటిసారి పిల్ల దగ్గినప్పుడు, ‘బాగా దగ్గింది’ అని ఆమె లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. ఆ హాయి తనదే. ఎవరో చెబితే వచ్చింది కాదు.

ఇప్పుడు పిచ్చుక ఆమె ముఖంలోకి చూసింది. ఏడవలేదు. తన గడ్డం తానే పైకెత్తి పెట్టింది. ఆయమ్మ మరిచిపోయిందేమోనని గుర్తు చేస్తోంది.

ఆయమ్మ చెంచా నోటికందించి నాలుగు లెక్కపెట్టింది. జేబులోంచి చెయ్యి తీసి గడ్డం కింద పెట్టింది. పిల్ల మింగింది.

“అయ్యో, అలా చేస్తే ఎలాగమ్మా! ఇక మింగిందనే రాయాలి,” అన్నాడు పరిశీలకుడు. ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది. “నన్నేమీ అనుకోకండి. ఊరంతటికీ పన్నెండు మంది ఆయాలే. అడిగేవాళ్లు నలభై మంది. ఎవరి పరిస్థితి ఎక్కువ ఘోరంగా ఉందో చూసి ఇవ్వాలి కదా.”

ఆ జాలిని చూస్తే ఆయమ్మకు ఇంకా రోత పుట్టింది.

సాయంత్రం పిల్లలు పడుకునే గదిలో తల్లిదండ్రులు చాపల మీద కూర్చున్నారు. ఆయమ్మ జరిగింది జరిగినట్టు చెప్పేసింది. హాయిగా అనిపించిన సంగతి కూడా దాచలేదు.

పిచ్చుక తల్లి బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే మనిషి. ఒక్కసారిగా లేచింది. “నా బిడ్డ గొంతుకు అడ్డం పడుతుంటే చూస్తూ కూర్చున్నావా? అక్కా అక్కా అని పిలిచాను కదే నిన్ను!”

“చూశాను. తిట్టు.”

“తిడితే నాకు కడుపు నిండుతుందా?”

మూల నుంచి పాలు పోసే ఆమె గొణిగింది. “ఆమెనంటావేంటి వదినా. పక్క గదిలో మావాడికి ఆయా ఎలా వచ్చిందనుకున్నావ్? ఆ వేళ కావాలనే వాడి బొమ్మ లాక్కున్నాను. తలను గోడకేసి కొట్టుకున్నాడు. ఆయన రాసుకున్నాడు.”

తర్వాత ఒక్కొక్కరే నోరు విప్పారు. ఒకడు పరిశీలనకు ముందు కొడుకును రాత్రంతా నిద్రపోనివ్వలేదు. ఒకామె మందు మానిపించింది. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

“అంటే మన పిల్లల్లో ఎవరు ఎక్కువ చెడిపోయారో పోటీ పెట్టారన్నమాట,” అన్నాడు బస్సు మెకానిక్కు. “మనం వెళ్లి పేర్లిచ్చాం. సిగ్గులేని బతుకు!”

“సిగ్గు మనకెందుకన్నా? ఫారం మనం అచ్చేశామా?” అంది పిచ్చుక తల్లి. ఆయమ్మ వైపు తిరిగింది. ఇంకా కోపంగానే ఉంది. “ఆ వేళ్ల పని నాకు చూపించు. రేపటి నుంచి ఇక్కడున్న ప్రతి ఒక్కరికీ చూపించు. ఇక ఏ బిడ్డనూ వాళ్లకు ప్రదర్శన పెట్టం. మధ్యాహ్నం అన్నం వాళ్ల ఆఫీసులోనే పెడదాం, పని ఏంటో అక్కడే చూస్తారు.”

“మాకూ పని వచ్చేస్తే ఆయా ఎందుకంటారేమో?” అంది పాలామె.

“నేను కాజాలు కుడుతూ ఈ గొంతు పట్టుకోగలనా? అదే అడుగుదాం.”

మెకానిక్కు ఉత్సాహంగా పిడికిలి ఎత్తాడు. “నినాదాలు నేను రాస్తాను!”

“నినాదాలిస్తే మన పిల్లలే ముందు హడలి చస్తారు బాబూ. నోరు మూసుకుని రా,” అంది పాలామె. అంత రోతలోనూ అందరూ నవ్వారు.

సోమవారం మధ్యాహ్నం వాళ్లు పిల్లలను తీసుకుని ఆఫీసుకెళ్లారు. వేరే మూడు బళ్ల వాళ్లూ కలిసి మొత్తం అరవై మంది. బల్లల మధ్య చాపలు పరిచారు, గిన్నెలు తీశారు. ఎవరూ అరవలేదు. చెంచాల చప్పుడు తప్ప ఏమీ లేదు. అరుపులకు అలవాటుపడిన ఆ హాలుకు ఈ నిశ్శబ్దంతో ఏం చెయ్యాలో తోచలేదు. పైఅధికారి గదిలోంచి బయటికొచ్చి, పరిశీలకుడి చెవిలో ఏదో అన్నాడు. పోలీసులొచ్చారు.

“ఎవరు తీసుకొచ్చారు వీళ్లను?”

“నేనే,” అంది ఆయమ్మ. పిచ్చుక నోట్లో అప్పుడే ముద్ద పెట్టింది. చెయ్యి పట్టి లాగారు. ఆమె పెనుగులాడలేదు. తల మాత్రం వెనక్కి తిప్పి, వ్యాను వైపు మెల్లగా లెక్కపెడుతూనే నడిచింది. ఒకటి... రెండు... మూడు...

నాలుగు అనేలోపు పిచ్చుక గడ్డం పైకెత్తింది. సూది గుచ్చుకుని గట్టిపడ్డ రెండు వేళ్లు వచ్చి ఆ గొంతు మీద ఆనాయి. పిల్ల మింగింది.

పైఅధికారి పిచ్చుక తల్లి ముందుకొచ్చి నిలబడ్డాడు. “ఇంకెంతసేపు?”

“అన్నం తినడం అయ్యేదాకా. గంట పడుతుంది. మీ ఫారంలో ఆ గంటకు గడి లేదు.”

“సరే, గంటాగి పోతారు కదా? మళ్లీ రారు కదా?”

ఆమె తలెత్తలేదు. తర్వాతి ముద్ద కలుపుతోంది.

“రేపు కూడా ఆకలేస్తుంది కదండీ.”