టిక్కు పెట్టిన నీళ్లు

మాకు పెళ్లయి ఇరవై రెండు రోజులు. మావారు తువ్వాలు మడతపెట్టే తీరు చూసినా నాకు నవ్వొచ్చే రోజులు.

ఆయన గ్యాసు కంపెనీలో కెమిస్టు. నేల లోతున ఉన్న రాతిలోకి నీళ్లు, ఇసుక, రసాయనాలు విపరీతమైన ఒత్తిడితో ఎక్కించి, రాయి బీటలువారాక గ్యాసు తీస్తారు. ఒక్కో బావిలోకి ఏ రసాయనం ఎంత పోశారో, నీళ్లు ఎన్ని పట్టాయో రాసి, గ్రంథాలయం గోడకున్న అద్దాల బోర్డులో పెట్టాలని నియమం. ఆ పట్టిక మావారి పని.

మా వీధి చివర లాండ్రీ నడిపే పిన్ని మాకు చుట్టమేం కాదు, వీధంతటికీ పిన్నే. బోరు నీళ్లతోనే ఆవిడ బతుకు. "ఏదీ దాచకుండా రాస్తాను పిన్నీ" అని మావారు మాటిచ్చాకే, ఊరి పక్కన తవ్వే రెండో గ్యాసు బావికి వీధివాళ్లతోపాటు ఒప్పుకుని సంతకం పెట్టింది.

ఆ రెండో బావి పట్టిక ఇంటికి తెచ్చారు. టీ తాగుతూ నేను ఒక్కో వరుసా చదవడం, ఆయన బావి దగ్గర లెక్కలు రాసుకునే సైటు పుస్తకంతో సరిచూసి టిక్కు పెట్టడం. "హైడ్రోక్లోరిక్ ఆమ్లం" అన్నాను. నా గొంతులో ఆమ్లం కూడా తియ్యగా ఉందన్నారు. సిగ్గేసి మిగతాది గబగబా చదివేశాను. సాయంత్రానికల్లా పట్టిక బోర్డెక్కింది.

మర్నాడు పొద్దున్నే పిన్ని తలుపు కొట్టింది. చేతిలో నోటుబుక్కు. బోర్డులో పెట్టే ప్రతి పట్టికనూ అందులో ఎక్కించుకుంటుంది.

"ఏం అబ్బాయ్, రెండు బావులూ ఒక్క లీటరు తేడా లేకుండా తాగాయా? నీళ్ల లెక్క పాత కాగితం చూసి దింపేశావ్. మరి మందులు సరిగ్గా రాశావని నేనెలా నమ్మను?"

మావారు గబగబా సైటు పుస్తకం తిరగేశారు. పాత పట్టికలోనే కొత్త అంకెలు నింపుతూ నీళ్ల గడి మార్చడం మరిచిపోయారు. అసలు పట్టినవి కోటీ తొంభై లక్షల లీటర్లు. రాసింది కోటీ నలభై. పక్కన టిక్కు మాత్రం నిక్షేపంగా ఉంది.

మేనేజరుకి ఫోన్ చేస్తే, "మధ్యాహ్నం గ్రంథాలయం మూస్తారుగా, కాగితం మార్చేయ్. ఎవరికి తెలుస్తుంది?" అన్నారు.

"పిన్నికి తెలుస్తుంది" అన్నాను నేను.

"నాకూ తెలుస్తుంది" అన్నారు మావారు, చెప్పులేసుకుంటూ.

పేపర్లు చదివేవాళ్లంతా ఉండగానే వెళ్లాం. పాత కాగితం తీయలేదు. తప్పు అంకెను ఎర్ర సిరాతో కొట్టేసి, అసలు అంకె వేసి, "తప్పు నాది" అని రాసి సంతకం పెట్టారు. సైటు పుస్తకం పిన్ని చేతికిచ్చారు. ఆవిడ కళ్లజోడు సవరించుకుని ఒక్కో రసాయనం మీదా వేలు పెట్టి సరిచూస్తుంటే, మేం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.

"మందులన్నీ సరిగ్గానే ఉన్నాయి. నీళ్ల దగ్గరే ఏమొచ్చింది నీకు?"

మావారి చెవులు ఎర్రబడ్డాయి. "అక్కడ టిక్కు పెట్టేటప్పుడు పుస్తకం చూడలేదు పిన్నీ. ఈవిడను చూస్తున్నాను."

గ్రంథాలయమంతా గొల్లుమంది. నేను వెళ్లి పేపర్ల బల్ల వెనక దాక్కున్నాను.

"సరే, నీ మాట నమ్ముతాను. మీ ఇద్దరి టిక్కులే నమ్మను. ఇకమీద పట్టిక నా కొట్లో, నా కళ్లెదుట సరిచూడాలి" అని తీర్పు చెప్పింది పిన్ని.

ఇప్పుడు ఇస్త్రీ బల్ల మీద పట్టిక పరుచుకుని నేను చదువుతాను, పిన్ని పుస్తకం చూసి టిక్కు పెడుతుంది. మావారి పని దుప్పట్లు మడతపెట్టడం. నా వైపు చూడకూడదని షరతు. దుప్పటి చాటునుంచి చూస్తూనే ఉంటారు.