సాయబానులో మూడో రోజు

“పాలు చూడు.” ఈ ఇంట్లో కాలుపెట్టిన పదకొండేళ్లలో నన్ను పేరు పెట్టి పిలిచిన దానికంటే ఈ మాటతో పిలిచిందే ఎక్కువ. నీళ్లు తోడుకుంటుంటే పాలు చూడు. పిల్లకు జడ వేస్తుంటే పాలు చూడు. మాకు జనగామ బజార్లో పత్తి గింజల దుకాణం. మధ్యాహ్నం మా ఆయన వెంకట్రాజం భోజనానికి వచ్చి, పొయ్యికి రెండడుగుల దూరంలో పీట మీద కూర్చుంటాడు. పొంగుతున్న పాలను కళ్లారా చూస్తూ, పెరట్లో బట్టలు పిండుతున్న నన్ను కేకేస్తాడు. “సరస్వతీ, పాలు పొంగుతున్నయ్.” చెయ్యి చాపితే అయిపోతుంది. చాపడు. అది బద్ధకం కూడా కాదు. అది తన చెయ్యి చేసే పని అని ఆయనకు తోచనే తోచదు.

ఎనభై నాలుగులో మాకు గ్యాస్ వచ్చింది. మా వీధిలో మాదే మొదటిది. చూడవచ్చిన ఆడవాళ్లంతా నీ రాత బాగుందన్నారు. పొగ బాధ తప్పింది, కాదనను. కాని కట్టెల పొయ్యి మీద పాలు పొంగితే బుస్సుమని చప్పుడయ్యేది, బూడిద లేచేది. గ్యాస్ పొయ్యి మీద పొంగితే మంట ఆరిపోతుంది, గ్యాస్ మాత్రం సడీచప్పుడూ లేకుండా వస్తూనే ఉంటుంది. బిగించడానికి వచ్చిన మెకానిక్ దేవదాసు ఈ సంగతి మా ఆయనకు వివరంగా చెప్పాడు. మా ఆయన నావైపు తిరిగి “వింటున్నవా?” అన్నాడు. అంతటితో ఆయన బాధ్యత తీరిపోయింది.

మా ఇళ్లలో నెలకు మూడు రోజులు బయట చేరడం ఉంది. ఇంటి వెనక పంచలో, అదే సాయబానులో, ఒక చాప, ఒక చెంబు, నా కంచం. నాలుగో రోజు తలకు పోసుకునే దాకా వంటింటి గడప దాటకూడదు, ఎవరినీ ముట్టకూడదు. ఆ మూడు రోజులూ నీకు విశ్రాంతే కదా అంటారు తెలిసినవాళ్లు. ఏం విశ్రాంతి! కూర మాడితే మా అత్తమ్మ రుక్మిణమ్మ వంటింట్లోంచే అరుస్తుంది. “గాడ్నే కూసున్నవ్ గదా, వాసన రాలేదా నీకు?” నా చెయ్యి పనికిరాదు. ముక్కూ చెవులూ మాత్రం వంటింట్లో కాపలా ఉండాలి.

మొన్న మూడో రోజు. పొద్దుగూకే వేళ. అత్తమ్మ మడిస్నానానికి పోయింది. మా ఆయనకు చాయ్ కావలసి వచ్చి, వేరే దిక్కులేక తనే పాలు పెట్టాడు. ఇంతలో ఎవరో దళారి వస్తే ముందరి అరుగు మీదికి పోయి కబుర్లలో పడ్డాడు. కాసేపటికి నాకు కుళ్లిన ఉల్లిగడ్డల వాసన వచ్చింది. గ్యాస్! “పొయ్యి బంద్ చెయ్యిన్రి! ఎవరన్న పొయ్యి బంద్ చెయ్యిన్రి!” అని గొంతు చించుకున్నాను. అరుగు మీద నవ్వులు వినిపించాయి తప్ప ఎవరూ రాలేదు.

అప్పుడే అత్తమ్మ తడిచీరతో వంటింట్లోకి వచ్చింది. మా దేవుని గూడు వంటింటి మూలనే. ఆమెకు నాలుగు రోజులుగా పడిశం, వాసన తెలియలేదు. దీపం పెట్టడానికి అగ్గిపెట్టె అందుకుంది.

“అత్తమ్మా, గియ్యకున్రి! గ్యాస్ ఉన్నది!”

“నువ్వు ఆడ్నే ఉండు. లోపలికి రాకు!” అంటూనే పుల్ల తీసింది.

నేను గడప దాటాను. ఆమె చెయ్యి పట్టుకొని అగ్గిపెట్టె లాక్కున్నాను. సిలిండర్ మీది రెగ్యులేటర్ తిప్పేశాను. తలుపులు, కిటికీలు బార్లా తెరిచాను. అంతా అయ్యాక అత్తమ్మ నోట వచ్చిన మొదటి మాట ఇది: “మడిల ఉన్న నన్ను ముట్టుకుంటివి గదనే! దేవుని ముంగటికి వస్తివి గదనే!” ఆ కేకకు మాత్రం మా ఆయన పరుగెత్తుకొచ్చాడు. పొయ్యి గట్టంతా కారిన పాలను చూశాడు, నన్ను చూశాడు. “నోటితోని చెప్తే అయ్యేదానికి లోపలికెందుకు పోయినవ్?” అన్నాడు. ఆ పాలు ఎవరు పెట్టారని ఎవరూ అడగలేదు.

తెల్లారి నేను తలకు పోసుకొని వచ్చేసరికి దేవదాసు ఇంట్లో ఉన్నాడు. మా ఆయనే పిలిపించాడు, పైపు లీకయిందేమో చూడమని. పైపుకు ఏమీ కాలేదు. “బొంబాయిల ట్రైనింగ్ కాడ ఒక పొయ్యి సూసిన సేటూ,” అన్నాడు దేవదాసు. “బర్నర్ పక్కన సన్న పుల్ల ఉంటది. దానికి మంట తగులుతున్నంతసేపే గ్యాస్ వచ్చే మూత తెరుసుకొని ఉంటది. మంట ఆరిందనుకో, పుల్ల సల్లబడ్తది, స్ప్రింగు మూతను నెడ్తది, గ్యాస్ దానంతట అదే బంద్. మనిషి ఉండే పనే లేదు.”

మా ఆయన నవ్వాడు. “మా ఇంట్ల గా ఆటోమేటిక్ మిషన్ ఉన్నది తియ్. కాకుంటే నెలకు మూడు రోజులు పని చెయ్యది.”

దేవదాసు కూడా నవ్వబోయి, నన్ను చూసి తల దించుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పని చెయ్యని మూడో రోజునే కదా నేను పని చేసింది! వాళ్లమ్మ బతికి ఉండి, ఇల్లు నిలబడి ఉండి, ఈయన పళ్లు బయటపెట్టి నవ్వడానికి తీరిక దొరికింది అందుకే కదా! పదకొండేళ్లుగా మింగిన మాటలన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి.

అత్తమ్మకు నా మొహం కనబడలేదు, తడి జుట్టే కనబడింది. “పోసుకున్నవ్ గదా, ఇగ వంటిల్లంత కడుగు. ఊరగాయ జాడీలు మైలవడ్డయ్, పారబొయ్యి. గట్టు, పొయ్యి చింతపండు పెట్టి తోమినంకనే ముట్టియ్యి.”

“నేను ముట్టకపోతే కడిగెటందుకు వంటిల్లే ఉండకపోవు అత్తమ్మా. మీరు గూడ ఉండకపోదురు. నేను కడగ.”

“ఏందే?” అని లేచాడు మా ఆయన.

“పాలు పెట్టింది మీరు. కడిగితే మీరు కడుగున్రి.”

దేవదాసు సంచి సర్దుకొని చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయాడు.  నేను ఆ తల్లీకొడుకుల మధ్య నుంచే లోపలికి నడిచి, కడగని ఆ గట్టు మీదే పొయ్యి ముట్టించి, ఈ ఇంటికి వచ్చాక మొదటిసారి, నా ఒక్కదానికే చాయ్ పెట్టుకున్నాను.